ఒకటో దెబ్బ లేని ట్రాకు

సౌండ్ రికార్డింగ్‌లోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు నన్ను చూడగానే ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేరు మంచిది అని అడుగుతారు. నాకు తెలియదు. నేను పనిచేసిన రోజుల్లో రాజమండ్రిలోని మా స్టూడియోకి మంచి మైకు ఒక్కటే. మా ప్రొప్రైటరు వీర్రాజు గారు దాన్ని పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవారు. గాయకులు వస్తే ఉత్సవ విగ్రహాన్ని పల్లకీలోకి చేర్చినంత భక్తిగా బయటికి తీసేవారు. ఒకరోజు వాళ్ళావిడ తన పట్టుచీర చెంగు ఎటు పోయిందో వెతుక్కుంటూ స్టూడియోకి వచ్చి, మైకుని చూసి, చీరని గుర్తుపట్టి, ఆ మైకు ముందే నిలబడి ఆయన్ని తిట్టారు. మా స్టూడియో చరిత్రలో అంత స్పష్టమైన రికార్డింగు మళ్ళీ జరగలేదు.

ప్రమోషన్ల గురించి రాయను, రాలేదు కాబట్టి. చేరినప్పుడు రికార్డిస్టుని, మానేసినప్పుడూ రికార్డిస్టునే. మధ్యలో ఒకసారి విజిటింగ్ కార్డు మీద "చీఫ్ సౌండ్ ఇంజనీర్" అని వేయించారు. నా కింద పనిచేసే సిబ్బంది ఒక టేబుల్ ఫ్యాను. అది కూడా చెప్పిన మాట వినేది కాదు.

కోడిగుడ్ల అట్టలు

మా రికార్డింగు గది గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అతికించాం, బయటి చప్పుడు లోపలికి రాకుండా. ఒక కోడి ఆ గోడలు చూసి ముచ్చటపడి లోపలికొచ్చి పొదగడానికి కూర్చుందని చెబితే మీరు నమ్మరు. అందుకని చెప్పను. ఏసీ ఉండేది కానీ, వేస్తే గోదావరి బ్రిడ్జి మీద గూడ్సుబండి పోతున్నంత మోత. అందువల్ల పాడేటప్పుడు ఆపేసేవాళ్ళం. పల్లవి దగ్గర పుష్టిగా ఉన్న మనిషి ఆఖరి చరణానికి చొక్కా వదులై బయటికొచ్చేవాడు.

నేను నేర్చుకున్న మొదటి పాఠం హెడ్‌ఫోన్లని నమ్మకూడదని. చేరిన కొత్తలో ఒక భజన బృందానికి ఎంతో శ్రద్ధగా మిక్సింగ్ చేశాను. హెడ్‌ఫోన్లలో వింటే మృదంగం గుండెల్లో మోగింది. వారం తిరక్కుండా వాళ్ళు క్యాసెట్టుతో సహా వచ్చి, గుడి మీద మైకు గొట్టంలో మృదంగం అసలు వినబడటం లేదని, తమ మృదంగం ఆయన అన్నం మానేశాడని చెప్పారు. ఆ రోజే ఒక పాత గొట్టం కొని స్టూడియోలో మేకుకి వేలాడదీశాను. తర్వాత ఏ పాటైనా ఆ గొట్టంలో విన్నాకే బయటికి పంపాను. మన వైపు జనం పాటలు వినేది సోఫాలో కూర్చుని కాదు, అరటి తోటలో గెలలు కోస్తూ.

యజమానుల గురించి ఒక్క మాట. సంగీతం తెలిసిన యజమాని మీ పని తానే చేస్తాడు. తెలియనివాడు మిమ్మల్ని చేయనిస్తాడు. వీర్రాజు గారు ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం చేసి, చేతులు కడుక్కుని నేరుగా సంగీతంలోకి వచ్చిన మనిషి. శ్రుతి అంటే అది తన మేనకోడలి పేరనే ఆయన ఉద్దేశం. అంతకన్నా మంచి యజమాని నాకు దొరకలేదు. ఆయన ఒక్కడి దగ్గరే పనిచేశాను, అది వేరే సంగతి.

ఓడ మీద వచ్చిన వాయింపు

ఒకనాడు కాకినాడ నుంచి ఓ ఆసామి వచ్చాడు. సరుకు ఓడల్లో ఇంజను గదిలో ఉద్యోగం. మా గుమ్మం దాటడానికి నడుము దాకా వంగాల్సి వచ్చినంత పొడుగు. జమైకా రేవులో కొన్నానంటూ ఒక క్యాసెట్టు తీసి, కాపీ కావాలన్నాడు. నేను కాపీకి పెట్టి వింటున్నాను. మొదటి పాట అయింది. రెండోది మొదలైంది, అదే మ్యూజిక్కు. మూడోదీ అదే. వీర్రాజు గారు లేచి వచ్చారు.

"ఏవండీ, తవర్ని ఎవడో నిండా ముంచేశాడండి. ఒకటే పాట క్యాసెట్టంతా ఎక్కించి అంటగట్టేశాడు."

"పాటలు వేరండీ. పాడేవాళ్ళూ వేరే. వెనకాల వాయింపొక్కటే అందరిదీ. దాన్ని అక్కడ రిడిమ్ అంటారు," అన్నాడు ఓడాయన.

"ఒక్క వాయింపు మీద ఇంతమందా! మరి కొట్టుకోరేంటండీ?"

"కొట్టుకుంటారండి, పాటల్లోనే. ఒకడు దేవుడి మీద పాడతాడు. ఒకడు ప్రభుత్వాన్ని తిడతాడు. ఇంకొకడు వదిలేసిపోయిన పిల్ల కోసం ఏడుస్తాడు. జనం అందర్నీ వింటారు. ఎవడు బాగా పాడితే కొన్నాళ్ళు ఆ రిడిమ్ వాడిది."

మా స్టూడియోలో కీబోర్డు వాయించే ఏసుపాదం ఈ మాటలేవీ వినటం లేదు. కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ, వేస్తూ, ఉలిక్కిపడి లేచాడు.

"ఆరి నాయనో! ఈడెవడో ఒకటో దెబ్బ ఎగ్గొట్టేసేడండీ!"

నిజమే. మన తాళంలో అందరూ వచ్చి కలిసేది ఒకటో దెబ్బ మీద. పెళ్ళికి ముహూర్తం లాంటిది అది. ఈ సంగీతంలో సరిగ్గా అక్కడ డ్రమ్ము వాయించేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. మనం మెట్టు ఉందనుకుని కాలు వేస్తాం, మెట్టు ఉండదు. పడిపోతున్నాం అనుకునేలోపు మూడో దెబ్బ మీద దబ్బుమని వేసి పట్టుకుంటాడు. ఏసుపాదం ఆ పూటంతా అన్నానికి వెళ్ళకుండా దాన్నే వాయించాడు. మర్నాటికి అచ్చం అలాంటిదే, కానీ మన రాగంలో, ఒక ట్రాకు కట్టాడు. మధ్యలో పిల్లనగ్రోవి, కింద బేసు, ఒకటో దెబ్బ దగ్గర మాత్రం ఖాళీ.

వీర్రాజు గారు దాన్ని రెండుసార్లు వేయించుకుని విన్నారు. ఆయన ఏదైనా రెండోసారి విన్నారంటే మాకు భయం, లోపల ఏదో ఉడుకుతోందని.

"ఏవయ్యా మూర్తీ, పూతరేకుల్లో రేకు ఎన్ని రకాలయ్యా?"

"ఒకటేనండి."

"లోపల పెట్టేదో?"

"పంచదార, బెల్లం, జీడిపప్పు..."

"రేకు తీసేది ఒకసారి, చుట్టుకోడం ఎవరికిష్టమైంది వాళ్ళకి. ఇన్నేళ్ళూ మనం ఒక్కో పూతరేక్కి ఒక్కో పొయ్యి వెలిగిస్తున్నామయ్యా!"

ఆ క్షణం ఆయన ముఖంలో వెలుగు చూస్తే కరెంటు పోయినా రికార్డింగు చేసుకోవచ్చనిపించింది.

ముగ్గురికి ముగ్గురు

ఆ ట్రాకు మొదట తీసుకున్నది శ్యామల గారు. రావులపాలెం దగ్గర ఒక ఊళ్ళో ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు. అంతకు ముందు మా స్టూడియోలో లెక్కలేనన్ని క్యాసెట్లకి కోరస్ పాడారు. ఊళ్ళో ఏ గుడి మైకు మోగినా అందులో వెనకాల ఆవిడ గొంతుండేది. ఏ అట్ట మీదా ఆవిడ పేరుండేది కాదు. ఇన్నాళ్ళకి సొంతంగా పాటలు రాసుకుని, తన పేరుతో క్యాసెట్టు చేసుకుంటున్నారు. మొదటి పాట గోదావరి మీద మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించే పంటు మీద.

"రేవు దాటే పంటూ, కాసేపాగవే
నా మాట ఆవలి ఒడ్డున దింపవే"

పాడటం అయ్యాక ఆవిడ అడిగిన మాట ఒకటే. "మూర్తి గారూ, అట్ట మీద పేరు పెద్దక్షరాలతో వేయిస్తారు కదండీ? మా హెడ్మిస్ట్రెస్ గారికి కళ్ళజోడు లేకపోయినా కనబడాలి."

రెండోవారు జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన గురుస్వామి. పొగాకు వ్యాపారం, నల్ల పంచె, మెడలో మాలలు. ఆయన గొంతు ఎంత కిందిదంటే, మామూలుగా మాట్లాడినా కింది వాటాలో అద్దెకుండేవాళ్ళు తలుపు తీసి ఎవరండీ అనేవారు. ఆయనకి శ్రుతి తగ్గాలి. మా రికార్డరుకి టేపు వేగం మార్చే బిరడా ఒకటుంది. కిందికి తిప్పితే శ్రుతి తగ్గుతుంది, పాటా నెమ్మదిస్తుంది. అలా తిప్పి పాడించాను. ఒకటో దెబ్బ ఖాళీ చూసి ఆయన ఊరుకోలేకపోయారు. ప్రతి ఖాళీలోనూ "శరణం!" అని ఒక బాంబు వేశారు.

మూడోవాడు నూకరాజు. ఎన్నికల గాయకుడు. పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం రెండో పార్టీకి ఒకే చిత్తశుద్ధితో పాడగలడు. వీడిది ఈలలాంటి గొంతు. బిరడా పైకి తిప్పాను. ఒకటో దెబ్బ దగ్గర వీడు "జై!" పెట్టాడు.

"ఒకరికొకరు తెలిస్తే?" అని నేను వీర్రాజు గారిని అడిగాను.

"ఎలా తెలుస్తుందయ్యా? భక్తులు వేరు, ఓటర్లు వేరు, బడి పంతులమ్మలు వేరు. వేగమూ వేరే."

మేము మర్చిపోయింది మైకుసెట్టువాణ్ణి. మన కోనసీమలో పొద్దున్న గుడికి, మధ్యాహ్నం ప్రచారానికి, సాయంత్రం పెళ్ళికి పాటలు పెట్టేది ఒక్కడే. వాడి గొట్టాలూ అవే, వినే చెవులూ అవే. ఆ చెవులు భక్తి చెవి, ఓటు చెవి అని రెండు పెట్టుకుని తిరగవు.

షష్ఠి తీర్థం

శ్యామల గారి ఊళ్ళో సుబ్రహ్మణ్య షష్ఠికి పెద్ద తీర్థం, అంటే జాతర. ఆ సాయంత్రం వేదిక మీద ఆవిడ క్యాసెట్టు విడుదల, తర్వాత ఉత్త ట్రాకు పెట్టుకుని ఆవిడ స్వయంగా పాడటం. నన్నూ వీర్రాజు గారినీ పిలిచి శాలువాలు కప్పారు. ముందు వరసలో హెడ్మిస్ట్రెస్ గారు, నిజంగానే కళ్ళజోడు లేకుండా. పక్కన శ్యామల గారి భర్త, ఆయన పక్కన ఊరు. ఊరంటే ఊరు, జీళ్ళ కొట్టు వాళ్ళతో సహా.

మైకుసెట్టు సూరిబాబు ట్రాకు పెట్టాడు. ఆవిడ పల్లవి అందుకున్నారు. రెండో లైనుకి రాకముందే రోడ్డు మీద ప్రచారపు ఆటో తిరిగింది. అదే పిల్లనగ్రోవి, అదే బేసు, కానీ గుర్రం తోకకి నిప్పు ముట్టించినంత వేగంగా. "జై!" అంది ఆటో. జనంలో ఎవడో "ఇది ఆటో పాటరోయ్!" అన్నాడు. నవ్వులు లేచాయి. సరిగ్గా అప్పుడే ఆ నవ్వుల్లోంచి నేల అదిరే గొంతు ఒకటి వినిపించింది.

"ఇది స్వామి పాట! నా పాట!"

దర్శనానికి బృందంతో వచ్చిన గురుస్వామి. నేను పక్కకి చూశాను. వీర్రాజు గారి కుర్చీలో శాలువా మాత్రమే కనబడింది. ఆయన దాని లోపల ఉన్నారు.

శ్యామల గారు పాట ఆపి నా దగ్గరికి వచ్చారు.

"మూర్తి గారూ, ఈ ట్రాకు ఎంతమందికిచ్చారండీ?"

"ముగ్గురికేనండి."

"ముగ్గురికే," అన్నారు ఆవిడ. ఆ "కే" నాకు రెండు చెంపల మీదా తగిలింది. "ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ వెనకాల పాడాను. ఇవాళ నా పేరు పెట్టుకుని పాడితే, ఇంకొకళ్ళ పాట ఎత్తుకొచ్చానంటున్నారు. రేపు బడిలో పిల్లల ముందు నేను సరిగమలు ఎలా చెప్పనండీ? ఇది ఇక్కడే తేలాలి. తేలకపోతే ఇంక నేను పాడను."

శాలువాలోంచి "మ్యూజిక్కు ఆపించేద్దామా అమ్మా?" అని ఒక సన్నని గొంతు.

"ఆపొద్దండి. మొదటికి తిప్పించండి," అని ఆవిడ మైకు అందుకున్నారు. "ఆటోలో పాడినాయన ఉంటే పైకి రావాలి. స్వామీ, మీరు కూడా రండి. ముగ్గురం పాడదాం. ఎవరి పాటో జనమే చెబుతారు."

నూకరాజు ఆటోలోనే ఉన్నాడు, అభ్యర్థి బొమ్మ వెనకాల. చేతులు కట్టుకుని వేదికెక్కాడు. "ఆయ్, నాకేం తెల్దండమ్మగారూ. అభ్యర్థి గారి పేరు పెట్టి పాడమన్నారు, పాడేసేను."

"పాడండి బాబూ. మొహమాటం లేదు."

నూకరాజు అందుకున్నాడు. అసలు వేగంలో ట్రాకు వాడికి నత్తలా అనిపించిందేమో, పాట కన్నా ముందే గమ్యం చేరి అక్కడ నిలబడి ఎదురుచూశాడు. అయినా "జై!" దగ్గర మాత్రం కుర్రాళ్ళంతా కలిసి అరిచారు. మంచి సందడి. తర్వాత గురుస్వామి. ఆయన కోసం నేను కిందికి తిప్పిన బిరడా ఇక్కడ లేదు. ఆవిడ శ్రుతికి ఎక్కుతూ ఎక్కుతూ ఆయన మెడ నరాలు కొబ్బరి పీచు తాళ్ళంత లావయ్యాయి. కానీ "శరణం!" అన్నప్పుడల్లా జనం మొత్తం శరణం అంది. దేవుడి పేరు కదా, ఓటు వేయనివాడుంటాడా?

అప్పుడు శ్యామల గారు.

అప్పటికి జనానికి ఆ ఖాళీలో అరవడం అలవాటైపోయింది. తాళం మొదటి చుట్టులో ఒకడు అలవాటుకొద్దీ "జై!" అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకావిడ గట్టిగా "నోర్ముయ్‌రా, విననీ!" అంది. రెండో చుట్టులో ఎవరూ అరవలేదు. శ్యామల గారు ఆ ఖాళీలో ఏమీ పెట్టలేదు. "కాసేపాగవే" అని, ఆగారు. అంతే. పంటు నిజంగా ఆగినట్టు, ఒడ్డున ఎవరో పరిగెత్తుకొస్తున్నట్టు అనిపించింది. జెయింట్ వీల్ తిప్పేవాడు బ్రేకు వేసి వింటున్నాడు. పైన చిక్కుకున్నవాళ్ళు కూడా దింపమని అడగలేదు. మూడో దెబ్బ మీద ముందు వరస ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే చప్పట్లు వేశారు. తర్వాతి చుట్టుకి మొత్తం తీర్థం వేసింది. ఆ చప్పట్లకి గోదావరి అవతలి ఒడ్డున పావురాలు లేచాయని నేను ప్రమాణం చేయలేను కానీ, నాకు అలాగే వినిపించింది.

పాట అయ్యాక ముందు మాట్లాడింది నూకరాజు. "అమ్మగారూ, ఇది తవరి పాటేనండి. నేను ఆటోలో ఏదో పొట్టకోసం అరుసుకుంటాను." గురుస్వామి మెడ నరాలు సర్దుకునే దాకా ఆగి, ఆవిడకి దణ్ణం పెట్టి, ఒక్క మాట అన్నారు. "అక్కడ అరవాలని ఎవరు చెప్పారమ్మా నాకు?"

ఎవరూ చెప్పలేదు. కుర్రాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఇదే. ట్రాకు ఎవరైనా కట్టగలరు. ఇప్పుడు మీ కంప్యూటర్లో బటను నొక్కితే వంద వస్తాయి. అందులో ఖాళీ కనబడగానే దాన్ని నింపేయాలని మీ చేతులు దురదపెడతాయి. గాయకులకి గొంతు దురదపెడుతుంది. రికార్డిస్టు పని ఆ దురద ఆపడం. పని వదిలేసే దాకా నేను అద్దం ఇవతల నుంచి గాయకులకి వేలు చూపించి "ఆగండి" అనే సైగ ఒక్కటే పదే పదే చేశాను. ఒక్క ట్రాకు పదిమందికి ఇవ్వడం తప్పని కూడా నేను అనను. పదిమందికీ ముందుగా చెప్పకపోవడం మాత్రం తప్పున్నర. తర్వాత వీర్రాజు గారు కొత్త గాయకులకి ట్రాకు వినిపించే ముందు, "దీన్ని ఇంతకుముందు ఫలానావారు చుట్టుకున్నారండి, తవరు ఏం పెట్టి చుడతారో తవరి ఇష్టం" అని చెప్పడం మొదలుపెట్టారు. చెప్పాక వచ్చేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు. ముందువాడి కన్నా బాగా పాడాలని పంతం పట్టి, రిహార్సల్ చేసుకుని మరీ వచ్చేవారు.

పెట్రోలు ఎవరిది

తీర్థం అయిన కొన్నాళ్ళకి శ్యామల గారు రెండో క్యాసెట్టు పని మీద స్టూడియోకి వచ్చారు. బడిలో పిల్లలు పంటు పాటకి కోలాటం కట్టారని, హెడ్మిస్ట్రెస్ గారు అట్ట మీది పేరుని కళ్ళజోడు లేకుండా చదివి అందరికీ వినిపించారని చెబుతున్నారు. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. ఖద్దరు చొక్కా, వెనక నలుగురు. నూకరాజు పాడిన అభ్యర్థి గారు స్వయంగా.

"ఎవరండీ ఇక్కడ ఓనరు?"

వీర్రాజు గారు ఈసారి శాలువా లేక నా వెనక నిలబడ్డారు.

"నా ఆటోలు ఊరూరా తిరుగుతున్నాయండీ. పాట మొదలవగానే జనం గుమ్మాల్లోకి వస్తున్నారు. నేను సంబరపడ్డాను. తీరా చూస్తే నా పేరెవడూ అనటం లేదు! పిల్లలూ, ముసలమ్మలూ, కూలికెళ్ళేవాళ్ళూ నా మ్యూజిక్కు మీద పంటు పాట పాడుతున్నారు. 'జై' అనే చోట అందరూ నోరు మూసుకుని చప్పట్లు కొడుతున్నారు. పెట్రోలు నాది, డ్రైవరు నావాడు, మైకు నాది. పాట మాత్రం ఎవరో టీచరమ్మదా? ఎవరావిడ?"

నేను ఏదో చెప్పబోయాను. శ్యామల గారు కుర్చీలోంచి లేచి, కొంగు సర్దుకుని, రెండు చేతులూ జోడించారు.

"నమస్కారమండి. నేనేనండి. ఆలమూరు వైపు మీ ఆటో ఇంకా రాలేదటండి. కాస్త అటు కూడా పంపిస్తారా?"